పిలిస్తే పలకొద్దు

నవంబరు 3, సోమవారం. తెనాలి

మూడు వారాలు నోరు మెదపకూడదన్నారు ఈఎన్‌టీ డాక్టరు. గుసగుసగా మాట్లాడటం కూడా వద్దట. అది ఇంకా చెరుపట. గొంతు లోపల చిన్న బుడిపెలు లేచాయి. కెమెరా పెట్టి నాకూ చూపించారు. బియ్యపు నూకంత ఉన్నాయి.

"ఏం చేస్తుంటారమ్మా?" అని ముందే అడిగారు.

"ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్నండి. బాస్కెట్‌బాల్ కోచ్‌ని" అన్నాను.

"అయితే అరుస్తారన్నమాట."

నేను అరవను. గ్రౌండు నాలుగు మూలలకూ వినపడాలి కాబట్టి కొంచెం గట్టిగా చెబుతాను. అది వేరు, ఇది వేరు. ఆ మాట ఆయనతో అనేలోపే మాట్లాడొద్దని చెప్పేశారు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

తగ్గకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదామన్నారు. అందరికీ మామూలుగా చెప్పే మాటే అయ్యుంటుంది. మా కృపారావు సార్ గొంతు సంగతి నాకేమీ గుర్తు రాలేదు.

మా ఆయన అన్నం తింటూ, "పెళ్ళయ్యాక మొదటిసారి టీవీలో వార్తలు పూర్తిగా వినపడ్డాయి" అన్నాడు. గరిటె చూపించాను.

నవంబరు 4

కరస్పాండెంట్ పూర్ణచంద్రరావు గారు పిలిపించారు. చుండూరు వైపు పొలాలు, ఊళ్ళో పెట్రోలు బంకు, ఈ కాలేజీ ఆయనవి. చెడ్డ మనిషి కాదు.

"ఏంటమ్మా ఇది! మీ గొంతు నా గదిలోకి వినపడుతుంటే కాలేజీ నడుస్తోందని ధైర్యంగా ఉండేది. ఇయ్యాల కాకులు వినపడుతున్నాయి."

మూడు వారాలేనని ఫోన్‌లో టైపు చేసి చూపించాను.

"మరి ఇరవై అయిదున బాపట్లలో యూనివర్సిటీ టోర్నమెంటు కదా. గొంతు లేకుండా కోచింగ్ ఎట్టా? ఊరికే బెంచీ మీద కూర్చుని చూట్టానికైతే మా ఆవిడా చూస్తది."

పక్కన వినోద్ కుమార్ కూర్చుని ఉన్నాడు. బాపట్ల కుర్రాడు, అక్కడ ఒక స్కూల్లో మగపిల్లలకు ఆట నేర్పుతాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఈసారికి బెంచీ మీరే ఉంచుకోండి" అన్నారు కరస్పాండెంట్. "ఫైనల్‌కి వచ్చారా, టీమ్ మీదే. రాలేదనుకోండి, వచ్చే ఏడాది నుంచి వినోద్ చూసుకుంటాడు. మీరు క్యారమ్స్, టెన్నికాయిట్ చూసుకుందురుగాని. పెద్దవాళ్ళయ్యారు, ఎండలో ఎందుకు చెప్పండి."

నాకు నలభై ఆరు. మాట ఉంటే వాదించేదాన్ని. తల ఊపాను. ఊపేసరికి ఒప్పుకున్నట్టయింది.

నవంబరు 5

ప్రాక్టీసు. పిల్లలకు ఏం చెయ్యాలో తోచలేదు. నాకూ తోచలేదు.

నవంబరు 7

మా టీమ్‌కి గుండెకాయ చందన. వేమూరు నుంచి రోజూ బస్సులో వస్తుంది, డిగ్రీ రెండో సంవత్సరం. బంతి నడిపేది తనే. చేతులు చురుకు, కాళ్ళు చురుకు. కానీ ఈ నాలుగు రోజులుగా ఒక వింత చూస్తున్నాను. బంతి చేతికి రాగానే నావైపు చూస్తోంది. నేను చెప్పేదేమీ లేదు కాబట్టి మళ్ళీ బంతిని చూస్తోంది. ఈలోపు ఎదుటివాళ్ళు మీదికొచ్చేస్తున్నారు.

నేను చెప్పకపోతే వీళ్ళకు ఆడటం రాదు. అది నా గొప్పో, కాదో తేల్చుకోలేకపోతున్నాను.

వరసగా రెండేళ్ళు సెమీస్‌లో మమ్మల్ని ఓడించింది రేపల్లె. వాళ్ళ కోచ్ కృపారావు సార్. నాకు ఆట నేర్పిన మనిషి. క్యాన్సరని స్వరపేటిక తీసేశాక ఆయన పని అయిపోయిందనుకున్నారు అందరూ. ఆ తర్వాతే గెలవటం మొదలుపెట్టారు. వాళ్ళ పిల్లలు ఆడేటప్పుడు నోరెత్తరు. బూట్ల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. సార్ మీద జాలితో పట్టుదలగా ఆడుతున్నారని అప్పట్లో అనుకున్నాను. జాలితో ఒక మ్యాచ్ గెలవొచ్చు. రెండేళ్ళు ఎలా గెలుస్తారు?

నవంబరు 8, రెండో శనివారం. రేపల్లె

పొద్దున రైలెక్కి వెళ్ళాను. ఆట చూడటానికే వెళ్ళాను.

చర్చి వీధిలో కృపారావు సార్ ఇల్లు. ఆయన భార్య దానమ్మగారు తలుపు తీసి నా మొహం, మెడకు చుట్టుకున్న స్కార్ఫు చూశారు. నేను ఫోన్‌లో రాసి చూపించాను.

"ఏంటి లతా, నువ్వూ నోరు మూసుకున్నావా? అయితే ఇంక ఈ ఇంట్లో నేనొక్కదాన్నే మాట్లాడాలన్నమాట. దేవుడు నా ప్రార్థన ఇన్నాళ్ళకు ఆలకించాడు" అన్నారు. లోపలికి తిరిగి, "ఏవండోయ్, మీ పొడుగమ్మాయి వచ్చింది!"

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఈ ఊరి స్కూలు గ్రౌండు పక్కనుంచి పోతుంటే, "ఏయ్, పొడుగమ్మాయ్!" అని ఒక కేక వినపడింది. ఆగి, "సార్" అన్నాను. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. బంతి చేతిలో పెట్టారు. యూనివర్సిటీకి ఆడటం, బీపీఈడీ, తెనాలిలో ఉద్యోగం, అన్నీ ఆ కేకకు పలికినందువల్ల వచ్చినవే. ఆ రోజుల్లో ఆయన గ్రౌండులో కేకేస్తే స్టేషన్లో టికెట్ల వరసలో ఉన్నవాళ్ళు తిరిగి చూసేవాళ్ళని చెప్పుకునేవారు.

ఇప్పుడాయన మెడకు కింద చిన్న రంధ్రం ఉంది. దాన్ని వేలితో మూస్తే గాలిలాంటి మాట వస్తుంది. ఒక ఊపిరికి ఒకటి రెండు మాటలు. మిగతావి దానమ్మగారు పూరిస్తారు.

"చూడు" అన్నారు సార్.

"ముందు కాఫీ తాగు, టిఫిన్ చెయ్యి, సాయంత్రం గ్రౌండుకి వచ్చి పిల్లల ఆట చూడు, బాగా చిక్కిపోయావు అంటున్నారు" అన్నారు దానమ్మగారు.

సార్ వేలు తీసేసి భుజాలు కదిలేలా నవ్వారు.

ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు దానమ్మగారిని ఫోన్‌లో రాసి అడిగాను, సార్‌కి మొదట్లో ఎలా ఉండేదని. మాటల్లో వచ్చింది, అడిగాను. అంతే.

"బొంగురు. గొంతు జీర అన్నారు. మిరియాల కషాయం, తమలపాకు రసం, ఏది ఎవరు చెప్తే అది. డాక్టరు దగ్గరికి పోదామండీ అంటే, మ్యాచ్‌లు అయిపోనీ అనేవారు. ఈయనకి మ్యాచ్‌లు అయిపోయిందెప్పుడు?" ఆవిడ నా స్కార్ఫు సర్దారు. "నువ్వు వెంటనే వెళ్ళావుగా. మంచి పని చేశావు."

సాయంత్రం ఆట చూశాను. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ ఆడారు. సార్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు, అంతే. ఏం నేర్పించారు సార్ అని టైపు చేసి చూపించాను.

వేలు పెట్టి, "ఏం లేదు" అన్నారు. ఊపిరి తీసుకుని, "పిలవటం మానేశా."

"గొంతు పోయింది కదా పాపం, అందుకని" అన్నారు దానమ్మగారు.

నేనూ అలాగే అర్థం చేసుకున్నాను. తిరుగు రైల్లో చెరుకుపల్లి వైపు చేలు కోతకు వచ్చి పచ్చగా, పసుపుగా కనిపించాయి. ఇంకేమీ తోచలేదు.

నవంబరు 10

కొత్తగా చేతి సైగలు పెట్టాను. పిల్లలు సైగల కోసం నన్ను ఇంకా ఎక్కువగా చూస్తున్నారు. ముందుకన్నా అధ్వాన్నం.

నవంబరు 12

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాయాలి.

ప్రాక్టీసు మధ్యలో వరండాలోంచి మా అటెండరు జ్ఞానమ్మ కేకేసింది. "చందనా! మీ నాయనమ్మ ఫోను!"

చందన తల తిప్పి, "ఆఁ, జ్ఞానమ్మా!" అంది. అప్పుడే స్నేహ విసిరిన బంతి వచ్చి చెవి మీద తగిలింది. అందరూ నవ్వారు. చందన కూడా చెవి రుద్దుకుంటూ నవ్వింది.

నేను నవ్వలేదు. జ్ఞానమ్మను చెయ్యూపి రప్పించి, స్నేహను పిలవమని సైగ చేశాను. "స్నేహా!" స్నేహ బంతి పట్టుకుని ఆగిపోయి, "ఏంటి జ్ఞానమ్మా?" అంది. ప్రశాంతిని పిలవమన్నాను. మెడ తిరిగింది. ఇంకొకరిని పిలవమన్నాను. మెడ తిరిగింది. పేరు చెవిన పడితే చాలు, ఎవరు పిలిచారు, ఎందుకు పిలిచారు అన్నది తర్వాత. ముందు తల తిరుగుతుంది, నోరు పలుకుతుంది.

"ఎందుకమ్మా ఊరికే పిలిపిస్తారు? పిల్లలు ఆడుకోనివ్వరా?" అంది జ్ఞానమ్మ.

నవంబరు 13

నిరుడు రేపల్లెతో ఆడిన సెమీస్ వీడియో ఫోన్‌లో ఉంది. ఇదివరకు చాలాసార్లు చూశాను, శబ్దం తీసేసి. ఎవరెక్కడ నిలబడ్డారో చూడటానికి శబ్దమెందుకు అనుకునేదాన్ని. ఈ రోజు శబ్దం పెట్టి చూశాను.

వీడియోలో ఒకావిడ ఆపకుండా అరుస్తోంది. ఆమె గొంతు నాదే.

"చందనా!" అంటుంది ఆమె. చందన మెడ బెంచీ వైపు తిరుగుతుంది. పెదవులు కదులుతాయి. వినపడదు గానీ ఆ మాట నాకు తెలుసు. "మేడమ్." అదే క్షణంలో రేపల్లె పిల్ల చెయ్యి బంతి మీద పడుతుంది. తర్వాత స్నేహ. తర్వాత మళ్ళీ చందన. నేను పిలిచి చెప్పబోయిన మాటలన్నీ మంచివే. అవి చేరేలోపు బంతి పోయింది.

మ్యాచ్ అయ్యాక పిల్లల్ని వరసగా నిలబెట్టి, ధ్యాస లేదని తిట్టాను. అదీ వీడియోలో ఉంది. అందరూ తలొంచుకుని, "సారీ మేడమ్" అన్నారు.

పిలవటం మానేశా అన్నారు సార్. గొంతు పోవటం గురించి కాదన్నమాట. మళ్ళీ మొదట్నుంచి చూశాను. ఇలాంటి విషయం ఇన్నేళ్ళు నా కళ్ళెదుటే ఉండి కనపడకపోవటం ఏంటో చూడాలనిపించింది.

నవంబరు 14

బోర్డు మీద రాశాను: పిలిస్తే పలకొద్దు. తల తిప్పొద్దు.

"మీరు పిలిచినా మేడమ్?" అంది స్నేహ.

అవునని తల ఊపాను.

"పెద్దవాళ్ళు పిలిస్తే పలక్కపోతే పొగరంటారు మేడమ్."

"మా ఇంట్లో ఒక్క పిలుపుకే పలకాలి" అంది చందన. "రెండోసారి పిలిపించుకుంటే మా నాయనమ్మ అన్నం పెట్టేటప్పుడు కూడా మాట్లాడదు. కంచం పెట్టి వెళ్ళిపోద్ది."

కరస్పాండెంట్ పిలిచినా పలకొద్దని కింద రాశాను. నవ్వులు.

జ్ఞానమ్మకు కొత్త ఉద్యోగం. ఆట జరుగుతున్నంతసేపూ గట్టు మీద కూర్చుని పేర్లు పెట్టి పిలవాలి. రెండు పిలుపుల్లోనే రుచి మరిగింది. "ఏయ్ స్నేహా, నీ జడ ఊడిందే! చందనా, మీ ఊరి బస్సు పోతాంది! ప్రశాంతీ, నిన్ను చూసుకోటానికి పెళ్ళివారొచ్చారు, గేటు దగ్గరున్నారు!"

ప్రశాంతి నిజంగానే గేటు వైపు చూసింది.

నవంబరు 15

ఎవరికీ రావటం లేదు. స్నేహ ఏడ్చింది. పలక్కుండా ఉంటే ఒళ్ళంతా ఎలాగో అవుతోందట.

నవంబరు 18

వేమూరు నుంచి చందన నాయనమ్మ సుబ్బరత్నమ్మగారు వచ్చారు. స్టాఫ్ రూమ్‌లో కూర్చోనన్నారు.

"టీచరమ్మా, నిన్న దీన్ని దొడ్లోంచి మూడుసార్లు పిలిచా. గేదె పలికింది గానీ ఇది పలకలా. ఏంటే పొగరా అంటే, మా మేడమ్ గారు పలకొద్దన్నారు, అలవాటు చేసుకుంటున్నా అంటది. కాలేజీలో చెప్పేది ఇదా? ఇంక ఆటలొద్దు, పాటలొద్దు. చదువుకుని ఇంటికి రమ్మనండి."

నేను రాసి చూపించాను. కళ్ళజోడు తేలేదన్నారు. జ్ఞానమ్మ పక్కన చేరి, "మేడమ్ గారికి గొంతు బాగాలేదండి. ఆటలో బంతి మీద చూపు ఉండాలంట, పిలిస్తే తల తిప్పకూడదంట, అందుకనండి" అని చెప్పింది.

"నేను పిలిస్తే పలక్కుండా ఉండగలదా అది? ఇంట్లో ఏదో నాటకం ఆడింది గానీ" అని ఆవిడ గట్టు దగ్గరికి నడిచారు. ఆట సాగుతోంది. చందన బంతి నడుపుకుంటూ ముగ్గుర్ని దాటింది. రింగు ముందు ఎవరూ లేరు.

"చందనా!"

చందన గిరుక్కున తిరిగి, "నాయనమ్మా!" అంది. బంతి కాలికి తగిలి దొర్లిపోయింది.

"చూశారా, పలికింది!" సుబ్బరత్నమ్మగారు నావైపు గర్వంగా తిరిగారు. గ్రౌండులో పిల్లలందరూ "అబ్బా" అని తల పట్టుకున్నారు. ఆవిడ వాళ్ళను చూశారు, దొర్లుతున్న బంతిని చూశారు.

"నా వల్ల పోయిందా?"

"మీ వల్లేనండి" అంది జ్ఞానమ్మ.

ఆవిడ చీర కొంగు సర్దుకున్నారు. "గ్రౌండులో మీ ఇష్టం టీచరమ్మా. మా గుమ్మం లోపల మాత్రం నా ఇష్టం. అక్కడ పలక్కపోతే వీపు పగలగొడతా." రెండడుగులు వేసి వెనక్కి వచ్చారు. "అది రాణించిద్దంటారా?"

అవునని తల ఊపాను. ఈసారి కావాలనే ఊపాను.

నవంబరు 20

పిలిస్తే స్నేహ తల తిప్పటం మానేసింది. ప్రశాంతి కూడా. చందన జ్ఞానమ్మకు తిరగటం లేదు. నా గొంతుకి తిరుగుతుందో లేదో తెలియదు. పరీక్షించటానికి నా దగ్గర గొంతు లేదు.

నవంబరు 22

బుడిపెలు బాగా తగ్గాయి. ముక్క తియ్యక్కర్లేదన్నారు డాక్టరు. నెమ్మదిగా మాట్లాడొచ్చు, అరవటం మాత్రం ఇంకా వద్దన్నారు.

బయటికొచ్చి దానమ్మగారికి ఫోన్ చేసి చెప్పాను. మొదటి మాట ఆవిడతోనే. కృపారావు సార్ సంగతి మొదటి రోజు నుంచీ గుర్తొస్తూనే ఉంది.

నవంబరు 25, మంగళవారం. బాపట్ల

రెండు మ్యాచ్‌లు గెలిచాం. బెంచీ మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మాట లేనప్పుడు కూర్చోవటం తేలిక. ఉండి మింగటం కష్టం. మధ్యలో విరామమప్పుడు రెండు ముక్కలు చెప్పాను. పిల్లలు అవి విని, తర్వాత వాళ్ళలో వాళ్ళు ఇంకేదో మాట్లాడుకున్నారు. అదేంటో తెలుసుకోవాలనిపించింది. అడగలేదు.

వినోద్ కుమార్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "మేడమ్, ఈ ఉద్యోగం నేను అడగలేదండి. కరస్పాండెంట్ సారే పిలిచారు" అన్నాడు. పిలిస్తే పలికాడు, అతని తప్పేముంది.

రేపు సెమీస్. రేపల్లెతో.

నవంబరు 26. బాపట్ల

నిశ్శబ్దంగా ఆడే రెండు టీమ్‌లు. గ్యాలరీలో జనానికి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. ఎవరో, "వీళ్ళకేమైందిరా, మౌనవ్రతమా?" అన్నారు. కరస్పాండెంట్ ముందు వరసలో కూర్చున్నారు, వెనక వినోద్.

చివరి నిమిషంలో మేము ఒక పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి చందన దగ్గర. ఎడమవైపు రింగు కింద స్నేహ ఒక్కతే ఉంది, చెయ్యెత్తి. చుట్టూ ఎవరూ లేరు. నాకు అద్దంలో కనపడినట్టు కనపడింది. చందన కుడివైపు నడుపుతోంది. క్యారమ్స్ బోర్డులు, టెన్నికాయిట్ రింగులు కూడా కనపడ్డాయి.

"చందనా!"

గ్రౌండంతా వినపడింది. గ్యాలరీలో తలలు తిరిగాయి. మా బెంచీ మీద పిల్లలు నన్ను చూశారు. అటు బెంచీ మీద సార్ కూడా చూశారు.

చందన మెడ కదల్లేదు.

స్నేహ వైపు ఒక్క చూపు విసిరింది. రేపల్లె పొడుగుపిల్ల ఆ చూపు కోసమే కాచుకుని ఉన్నట్టుంది, అటు దూకింది. ఇంకో పిల్ల కూడా దూకింది. వాళ్ళు స్నేహను కావాలనే వదిలేశారు. పాస్ వస్తే మధ్యలో అందుకోవాలని. చందన వాళ్ళు వదిలిన సందులోంచి వెళ్ళి బంతిని బోర్డుకు తాకించి రింగులో వేసింది. విజిల్ మోగింది.

అందరూ ఎగిరారు. నాకు ముందుగా వచ్చింది కోపం. పిలిస్తే పలకలేదు. అది ఉన్నది ఒక్క క్షణమే. కానీ వచ్చింది, కాబట్టి రాస్తున్నాను.

సార్ నడుచుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకున్నారు. మెడ మీద వేలు పెట్టి, "వినపడింది" అన్నారు.

"రేపల్లె దాకా వినపడిందంటున్నారు" అన్నారు వెనకే వచ్చిన దానమ్మగారు.

కరస్పాండెంట్ చెమటలు తుడుచుకుంటూ దిగివచ్చారు. "గొంతు వచ్చేసిందే మేడమ్! చివర్లో ఆ ఒక్క కేకతో మ్యాచ్ తిప్పేశారు. చూశావా వినోద్, అదీ కోచింగంటే. టీమ్ మేడమ్ గారిదేనయ్యా, నీకు ఇంకేదైనా చూద్దాం."

ఆ కేక వల్ల కాదని నేను చెప్పలేదు. వినోద్ నావైపు చూశాడు. అతను ఆట తెలిసినవాడు. అతనూ చెప్పలేదు.

సాయంత్రం హాస్టల్ మెట్ల మీద కూర్చుంటే చందన వచ్చి కింది మెట్టు మీద కూర్చుంది. సముద్రం గాలి తడిగా తగులుతోంది.

"మేడమ్, కోపమొచ్చిందా?"

"దేనికి?"

"పిలిచారు కదా. వినపడింది. పలకలేదు."

"లేదు."

"ఏం చెబ్దామని పిలిచారు మేడమ్?"

"స్నేహకి ఇమ్మని."

ఆలోచించింది. తలొంచుకోలేదు. "ఇచ్చుంటే ఓడిపోయేవాళ్ళం మేడమ్."

ఇన్నేళ్ళలో నా దగ్గర ఆడిన ఏ పిల్లా నాతో ఇలాంటి మాట అనలేదు. అనేవాళ్ళు కూడా ఉండి ఉంటారు. నేను ఆగి వినలేదు.

"అవును, ఓడిపోయేవాళ్ళం" అన్నాను. "రేపు ఫైనల్లో నన్నేం చెయ్యమంటావు?"

నవ్వుతానేమోనని నా మొహం చూసింది. నేను నిజంగానే అడుగుతున్నానని తెలిశాక మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కాసేపు లెక్కేసుకుంది.

"మాకు అవతలి మూల కనపడదు మేడమ్. మీరు అది చూసిపెట్టండి. విరామంలో వచ్చి మేమే అడుగుతాం."